ఒక గ్రాము వాన

పెట్టెలో వాన మొదలైంది. గాజు తలుపు వెనక, రెండడుగుల ఎత్తు నుంచి సన్నని ధారలు బిగించి ఉన్న బూడిదరంగు గుడ్డ మీద పడుతున్నాయి. లోకనాథం గోడగడియారం వైపు చూడలేదు. ఇరవై ఆరేళ్లుగా ఆ పెట్టె ముందు నిలబడుతున్న మనిషికి రెండు నిమిషాలంటే ఎంతో ఒంటికే తెలుసు.

పంపు ఆగింది. గుడ్డ వెనక పెట్టిన అద్దుడు కాగితాన్ని పట్టకారుతో తీసి త్రాసు మీద ఉంచాడు. పొడిగా ఉన్నప్పటికన్నా ఒకటీ పాయింట్ నాలుగు గ్రాములు ఎక్కువ తూగింది. హద్దు ఒక గ్రాము.

"ఇది ఏడోది కదండీ," అన్నాడు వెనక కుర్చీలో కూర్చున్న పేరి సోమయాజులు. కంపెనీ నుంచి ఓడెక్కే ప్రతి చొక్కాకూ కాగితాలు రాసేది ఆయనే. సుంకాల పుస్తకాన్ని పంచాంగంలా చంకలో పెట్టుకుని తిరుగుతాడు. "ఏడో గ్రహం శని. అక్కడ పోవడం న్యాయమే. ఇంకా రాహుకేతువులున్నారు, దిగులుపడకండి."

లోకనాథం నవ్వి తడికాగితాన్ని ఆరవేశాడు. గుడ్డను విప్పి భూతద్దం కింద పెట్టాడు. ఒక్కొక్క పోగు మీద చేపపొలుసుల్లాంటి సన్నని రెక్కలు ఇప్పుడు గట్టిగా మూసుకుని ఉన్నాయి. చుక్క నీరు దూరదు. కానీ అవి మూసుకోవడానికి నలభై సెకన్లు పట్టింది. ఆ నలభై సెకన్లలోనే ఒకటీ పాయింట్ నాలుగు గ్రాముల వాన లోపలికి వచ్చేసింది.

అచ్యుతాపురం అవతల, సముద్రానికి రెండు మైళ్ల దూరంలో ఉన్న ఆ కంపెనీలో రోజుకు పదకొండు వేల చొక్కాలు కుడతారు. అవి వెళ్లే దేశంలో ఒక నియమం ఉంది. రెండు నిమిషాల వానలో ఒక గ్రాముకు మించి నీరు దిగనివ్వని చొక్కా వానచొక్కా. దాని మీద సుంకం నూటికి ఏడు. దిగనిస్తే మామూలు చొక్కా. సుంకం నూటికి ఇరవై ఎనిమిది. అందుకని వానలో ఎవరూ వేసుకోని చొక్కాలకు కూడా ఇక్కడ నీరంటని మందు పూస్తారు. గుడ్డను పెద్ద తొట్టిలో ముంచి, పిండి, వేడి గదిలో ఆరబెడతారు. ఆ మందులో ఫ్లోరిన్ ఉంది. నేలలో పడితే నేలలోనే ఉంటుంది, నీటిలో పడితే నీటిలో, మనిషిలోకి వెళితే మనిషిలో. తొట్టి దగ్గర ఇరవై రెండు మంది ఆడవాళ్లు పనిచేస్తారు.

ఆ తొట్టి అవసరం లేని బట్ట కోసమే లోకనాథం తొమ్మిదేళ్లుగా పాటుపడుతున్నాడు. దానికి మూలం సరుగుడు కాయ. ఆయన భార్య పద్మావతి ఉన్నన్నాళ్లూ దండెం పక్కన నాలుగు సరుగుడు కాయలు దారానికి గుచ్చి వేలాడదీసేది. కాయలు నోరు తెరుచుకుని ఉంటే బట్టలు ఆరేసేది. మూసుకోవడం మొదలుపెడితే తీసేసేది. ఎండకు విచ్చుకుని తడికి ముడుచుకునే ఆ కాయ గుణాన్ని నూలుపోగులోకి తేవడానికి ఆయనకు తొమ్మిదేళ్లు పట్టింది. ఎండలో గాలి ఆడుతుంది, వానలో తలుపులు వేసుకుంటుంది, మందు చుక్క అక్కర్లేదు. ల్యాబులో అందరూ దాన్ని సరుగుడు బట్ట అనేవారు.

యజమాని సుదర్శనరావు చెడ్డవాడు కాడు. మాట మాత్రం సూటిగా చెప్పాడు. డిసెంబరు మొదటి వారంలో మందు సరఫరాకు ఐదేళ్ల ఒప్పందం మీద సంతకం చేయాలి. ఆ లోపు సరుగుడు బట్ట ఏడు శాతం గడపలోకి అడుగుపెడితే తొట్టి మూయించేస్తానన్నాడు. పెట్టకపోతే ఐదేళ్లు దాని ఊసెత్తవద్దన్నాడు. అప్పటికి ఆగస్టు సగమైంది.

*

తొట్టి గదిలో పనిచేసేవాళ్లకు, ఒంట్లో ఆ మందు ఎంత చేరిందో చూడటానికి, ఆరునెలలకోసారి రక్తపరీక్ష. డాక్టరు చెప్పిన హద్దు రెండు. ఏడేళ్లు తొట్టి దగ్గర నిలబడిన నూకరత్నానికి కిందటేడు నలభై ఒకటి వచ్చింది. అప్పుడామె చంకలో మూడునెలల పిల్ల. పాలు మాన్పించెయ్యమని డాక్టరు చెప్పాడట. రొమ్ములు సలుపుతుంటే మధ్యాహ్నం భోజనం గంటలో స్నానాలగదిలోకి వెళ్లి పాలు పిండి పారబోసుకునేదని, ఆ సమయానికి ఎవరూ లోపలికి రాకుండా ఆయా అప్పయ్యమ్మ తలుపు దగ్గర బకెట్టు అడ్డం పెట్టుకుని నేల తుడుస్తున్నట్టు నటించేదని లోకనాథానికి చాలారోజుల తర్వాత తెలిసింది.

ఆయన యజమానితో మాట్లాడి ఆమెను ల్యాబు పక్క ఇస్త్రీ గదిలోకి మార్పించాడు. మంచిపని చేశానన్న తృప్తి వారం రోజులు కూడా నిలవలేదు. ఆ కంపెనీలో ఒక పద్ధతుంది. చోటు మారాలంటే ఆ చోటికి బదులుమనిషిని మనమే తెచ్చి నిలబెట్టాలి. నూకరత్నం తన చెల్లెల్ని తెచ్చింది. చిన్నమ్మలుకు పంతొమ్మిదేళ్లు. చేరినప్పుడు రక్తంలో రెండుకు లోపే. ఆరునెలలకు తొమ్మిది. మరి ఆరునెలలకు పద్నాలుగు.

ఆ రెండో కాగితం పట్టుకుని నూకరత్నం ఇస్త్రీ గది గుమ్మంలో నిలబడి, ఇది ఎప్పటికి దిగుతుందని అడిగింది. తొట్టి మానేసిన రోజు నుంచి నెమ్మదిగా దిగుతుందని లోకనాథం చెప్పాడు. అయితే నన్ను తప్పించి దాన్ని పెట్టామన్నమాట అని ఆమె అనలేదు. ఇస్త్రీపెట్టె వేడెక్కిందో లేదో వేలితో చూసుకుని పనిలో పడిపోయింది. అనకపోవడమే ఆయనకు గుచ్చుకుంది.

*

ఎనిమిదో గుడ్డ నెగ్గింది.

పాయింట్ ఆరు. త్రాసు తప్పేమోనని లోకనాథం అద్దుడు కాగితాన్ని మూడుసార్లు తూచాడు. మూడుసార్లూ పాయింట్ ఆరే. ల్యాబులో మిగతా ఇద్దరూ చప్పట్లు కొట్టారు. సోమయాజులు రాహువుకు దణ్ణం పెట్టాడు. లోకనాథం మాత్రం అదే తానులోంచి తొమ్మిదో గుడ్డ కత్తిరించి, నాలుగు గంటలు చల్లగదిలో ఉంచి, మళ్లీ పెట్టెకు బిగించాడు. అది పోయింది. ఒకటీ పాయింట్ నాలుగు.

ఒకే తాను, ఒకే నూలు, ఒకే వాన. ఒకటి నెగ్గి ఒకటి ఓడిందంటే ఎక్కడో మనిషి చెయ్యి పడింది. ఎనిమిదో గుడ్డను తీసి వెలుతురులో పట్టుకున్నాడు. ఒక మూల, బిగింపు కింద దాగిన చోట, శనగగింజంత పసుపుమచ్చ కనబడింది.

ఇస్త్రీ గదిలో నూకరత్నం ఒక్కతే ఉంది. ఆయన గుడ్డను బల్ల మీద పరిచి ఆ మూల చూపించాడు.

"దీనికేం చేశావమ్మా?"

"ఏటీ సెయ్యలేదండి. ఇస్తిరీ సేసినానంతే."

ఆయన గుడ్డను ఇంకాస్త ఆమె ముందుకు జరిపాడు. ఆమె కళ్లు మచ్చ మీదకు వెళ్లి నేల మీదకు దిగాయి.

"పసుపెట్టినానండి," అంది చివరికి. "కొత్త గుడ్డ గదండి. పైగా ఏడు గుడ్డలు పోనాయి. పసుపెట్టకుండా అంపుతున్నాం, అందుకే అచ్చి రావట్లేదేమో అనిపించింది."

"పసుపు సరే. తడి ఎక్కడిది? ఈ గదిలోకి నీళ్ల సీసా కూడా రానివ్వం కదా."

"నీళ్లు కావండి." గొంతు ఇంకా తగ్గింది. "కేరేజీలో తరవాణుంటాది గదండి. అందులో ఏలు ముంచినాను."

లోకనాథానికి నవ్వొచ్చింది. గాలిలోని తేమను గీత తప్పకుండా కొలిచే యంత్రాలు పెట్టి, చెప్పులు బయట విప్పించి, అద్దాల తలుపులు బిగించి కట్టిన గదిలోకి పులిసిన బియ్యపుగంజి ఉప్పుతో సహా నడిచి వచ్చేసింది. ఆ నవ్వును ఆమె మరోలా అర్థం చేసుకుంది.

"నన్ను మళ్లీ తొట్టికాడికి అంపేత్తారా బాబూ?"

"నిన్నెక్కడికీ పంపను. ముందు ఆ కేరేజీ ఇలా పట్రా."

మళ్లీ ల్యాబులోకి వెళ్లి, రిజిస్టరులో ఎనిమిదో పరీక్ష ఎదురుగా 'చెల్లదు' అని రాసి సంతకం పెట్టాడు. ఎవరూ చూడలేదు కదా, నెగ్గినదాన్ని నెగ్గిందనే ఉంచుదామని ల్యాబులో ఒకాయన అన్నాడు. ఇవాళ ఒక గుడ్డ అబద్ధంతో నెగ్గితే రేపు అక్కడి ఓడరేవులో పదకొండు వేల చొక్కాలు నిజంతో ఓడిపోతాయని లోకనాథం జవాబు చెప్పాడు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక సరుగుడు బట్ట ముక్క మూలన తరవాణి చుక్క పెట్టి, చల్లగదిలో పూర్తిగా ఆరనిచ్చి, భూతద్దం కింద చూశాడు. గుడ్డ ఆరింది గానీ చుక్క పెట్టిన చోట పొలుసులు పూర్తిగా తెరుచుకోలేదు. గంజిలోని ఉప్పూ పిండీ గదిలోని గాలిలోంచి కాస్త తేమను తీసుకుని దాచుకుంటున్నాయి. అక్కడి పొలుసులు సగం మూసుకుని, ఒక చెవి అప్పగించి పడుకున్న మనిషిలా కాచుకుని ఉన్నాయి. ఇంకో మూలన నీటిబొట్టు వేశాడు. సగం మూసుకున్న పొలుసు పక్కదాన్ని లాగింది, అది దాని పక్కదాన్ని. వీధిలో ఒక ఇంట్లో తెలిసిన కబురు ఆ చివరింటికి చేరినట్టు గుడ్డంతా ముడుచుకుపోయింది. పది సెకన్లు కూడా పట్టలేదు.

*

తరువాతి ఆరువారాలూ లోకనాథం ఇంటికి నిద్రకోసమే వెళ్లాడు. కింది వాటాలో ఉండే లెక్చరరు గారి భార్య ఆయన గుమ్మం ముందు పాలప్యాకెట్టు ఎండకు పాడవకుండా తీసి తన ఫ్రిజ్‌లో పెట్టేది. అడిగితే మర్చిపోయి తీశానండీ అనేది.

గంజి నేర్పిన పాఠాన్ని ఆయన నూలులోకే ఎక్కించాడు. ప్రతి పోగులోనూ పదింటికి ఒక పొలుసు పుట్టుకతోనే సగం మూసి ఉండేలా నూలును మలిచాడు. దానికి మెలకువ నూలు అని పేరు పెట్టాడు. అక్టోబరు చివర్లో ఆ నూలుతో నేసిన మొదటి గుడ్డను, పసుపుగానీ తరవాణిగానీ తాకనివ్వకుండా, తన చేతులతో తానే ఇస్త్రీ చేసి పెట్టెకు బిగించాడు.

పాయింట్ రెండు. ఇరవై గుడ్డలు వరసగా బిగించాడు. ఇరవయ్యీ నెగ్గాయి. సుదర్శనరావు స్వయంగా వచ్చి ల్యాబులో అందరికీ మైసూర్‌పాకు పంచాడు. నూకరత్నం రెండు ముక్కలు కాగితంలో చుట్టుకుంది, ఒకటి పిల్లకు, ఒకటి చిన్నమ్మలుకు. ఆ రోజు సోమయాజులు ఊళ్లో లేడు. మర్నాడు వచ్చి, గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూసి, మెచ్చుకుని, ఒక్క మాట అడిగాడు.

"దీని మీద ఏం పూశారండీ?"

"ఏమీ పూయలేదు. అదే కదండీ దీని గొప్ప."

సోమయాజులు కళ్లద్దాలు తీశాడు. చంకలోని పుస్తకం తెరిచి, అక్కర్లేకపోయినా వేలితో పేజీ వెతికి, వానచొక్కా నియమంలోని రెండో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు. ఆ నీటి నిరోధం పైన వేసిన పూత వల్ల గానీ, లోపల వేసిన అస్తరు వల్ల గానీ కలిగినదై ఉండాలి.

"అంటే?"

"అంటే పుట్టుకతో వచ్చిన గుణం లెక్కలోకి రాదండీ. పూస్తేనే వస్తుంది." ఆయన గొంతులో ఎప్పుడూ ఉండే వేళాకోళం లేదు. "ఇన్నాళ్లూ మీరు కొత్త రకం మందేదో పూస్తున్నారనుకున్నాను. నాదే పొరపాటు. ముందే అడగవలసింది."

ఎప్పుడో మందు తప్ప వేరే దారి లేని రోజుల్లో రాసిన వాక్యమది. అదే దేశపు ఆరోగ్యశాఖ ఆ మందు తగ్గించమని ఏటా కాగితాలు పంపుతుంది. సుంకాలశాఖ మందు పూసినవాడికే తగ్గింపు ఇస్తుంది. ఒకే వంటింట్లో మాటలు మానుకున్న అత్తాకోడళ్ల సంసారం అన్నాడు సోమయాజులు. వాక్యం మార్పించాలంటే ఎన్నాళ్లు పడుతుందని లోకనాథం అడిగాడు. అదృష్టం బాగుంటే పదేళ్లట.

లోకనాథం బయటికి నడిచాడు. ప్రహరీ వెంట సరుగుడు తోపులో గాలి హోరుమంటోంది. చాలాసేపు నిలబడ్డాడు. తొమ్మిదేళ్ల పనికి కాయ కాసింది, ఆ కాయను కొనే బజారు ఈ భూమ్మీద లేదు. మొదటి షిఫ్టు వదిలారు. తొట్టి గది ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వస్తున్నారు. చివర్లో చిన్నమ్మలు. తొడుగులు విప్పిన చేతులు చెమటకు నానిపోయి తెల్లగా ఉన్నాయి. వాటిని గాలికి ఆరనిస్తూ, పక్కనున్న పిల్ల చెప్పినదానికి పకపకా నవ్వుతోంది. బస్సు కదలబోతుంటే డ్రైవరు వాళ్లిద్దరి కోసం ఆగాడు.

ఆయన అక్కడే నిర్ణయించుకున్నాడు. పూత కావాలంటున్నారు, పూత ఇద్దాం. మెలకువ నూలును పక్కన పెట్టి, నలభై సెకన్లు నిద్రపోయే పాత నూలునే నేయించి, దానికి గంజి పెట్టాలి. గంజి లేకపోతే ఓడాలి. గంజి ఉంటేనే నెగ్గాలి. గెలిచిన గుడ్డను దాచిపెట్టి ఓడిన గుడ్డను ఓడకెక్కించాలి. ఆయన తిరిగి ల్యాబు వైపు నడిచాడు.

*

గంజి అంత తేలిగ్గా లొంగలేదు. బియ్యం ఎంత, నీరెంత, ఉప్పెంత, ఎన్ని గంటలు పులియాలి అని నూకరత్నం చేత చెప్పించుకుని, కొలిచి, రాసుకుని కాచారు. రంగు అదే, వాసన అదే. గుడ్డ మాత్రం ఓడిపోయింది. ఉప్పు పెంచారు, తగ్గించారు, బియ్యం మార్చారు. పద్నాలుగు గుడ్డలు ఓడాయి. నవంబరు రెండో వారం వచ్చేసింది. పదిహేనోసారి గంజి దించుతుంటే నూకరత్నం ల్యాబు గుమ్మంలో నిలబడి లోపలికి చూస్తోంది. సింకు దగ్గర గాజు పాత్రను సబ్బుతో తోమి, మరిగే నీటితో కడిగి, ఆరబెడుతున్నారు.

"రోజూ అలాగే కడిగేత్తారాండి?" అని అడిగింది.

రోజూ అలాగే కడుగుతామని, నిన్నటి మలినం ఇవాళ్టి ప్రయోగానికి అంటకూడదని లోకనాథం చెప్పాడు.

ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "కుండ కడిగేత్తే తరవాణెలాగవుద్ది మాస్టారూ? మీరు కాసేది ఉత్త ఉప్పుగంజి. మా కుండ మాయత్తకాడ నుంచొచ్చింది. అడుగునెప్పుడూ కాసింత ఉంచాల. ఆ ముసిల్దే కొత్తదానికి పని నేర్పుద్ది."

ఇరవై ఆరేళ్ల శుభ్రత ఒక్క మాటతో కొట్టుకుపోయింది. ఆ మధ్యాహ్నమే నూకరత్నం అత్తగారి కుండలోంచి గరిటెడు తరవాణి ల్యాబుకు వచ్చింది. పాత్ర కడగడం మానేశారు. ఆరోనాటికి, ఏళ్లనాటి ఆ పులుపులోని సూక్ష్మజీవులు గంజిని సన్నని జిగురుగా మార్చాయి. గుడ్డ మీద కంటికి కనబడని పొరలా అది పట్టుకుంది. పొరపెట్టిన గుడ్డ, పాయింట్ ఐదు. అదే తానులో పొరలేని గుడ్డ, ఒకటీ పాయింట్ నాలుగు. ఇరవై జతలు బిగించి చూశారు. ఒక్క జత కూడా మాట తప్పలేదు.

సోమయాజులు ఒక చుక్క వేలితో తీసి నాలిక మీద వేసుకున్నాడు. వాళ్ల బామ్మగారు దబ్బాకు వేసేవారట. దబ్బాకు వేస్తే సుంకం ఇంకా తగ్గుతుందేమో కనుక్కుంటానన్నాడు.

*

ఈ చొక్కాకు ఏ సుంకమో తేల్చమని తీర్పు కోరుతూ దరఖాస్తు పంపారు. నవంబరు ఇరవై ఆరున అక్కడి సుంకాలశాఖ పరిశీలకురాలు తెర మీద కనబడింది. నెరిసిన జుట్టు, అలసిన కళ్లు, చేతిలో నీళ్లగ్లాసు. వాళ్లకది తెల్లవారుజాము. ఈ బల్ల దగ్గర సుదర్శనరావు, సోమయాజులు, లోకనాథం కూర్చున్నారు. అడిగినదానికి మాత్రమే జవాబు చెప్పండి, అడగనిది చెప్పకండి అని సుదర్శనరావు ముందే హెచ్చరించాడు. మెలకువ నూలు సంగతి బయటపడితే, పూత లేకుండానే చేయగలిగినవాళ్లు కేవలం తగ్గింపు కోసం గంజి పూశారంటారని ఆయన భయం.

ఆమె ఇంగ్లీషులో నెమ్మదిగా, ఒక్కొక్కటే అడిగింది. పూతలో ఏమున్నాయి? బియ్యం, ఉప్పు, నీరు, పులుపు. ఫ్లోరిన్ ఉందా? లేదు; మూడు ల్యాబుల నివేదికలు జతచేశాం. ఉతికితే పోతుందా? ముప్పై ఉతుకుల దాకా నిలుస్తుంది. పూత లేకుండా ఈ బట్ట వాన పరీక్షలో నెగ్గుతుందా? నెగ్గదు, ఇరవైకి ఇరవై ఓడాయి. ఆమె రాసుకుంటూ పోయింది. కలం మూసింది. మళ్లీ ఏదో తోచినట్టు తలెత్తింది.

"పూత అవసరం లేకుండా నెగ్గే బట్టను మీరు చేయగలరా?"

సుదర్శనరావు బల్ల కింద కాలు కదిపాడు. సోమయాజులు పుస్తకం మీద అరచెయ్యి పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. చేయలేమంటే ఇప్పట్లో ఎవరికీ తెలియదు. ఇరవై రెండు మంది సంగతి ఆ ఒక్క మాట మీద ఉందనీ లోకనాథానికి తెలుసు. అబద్ధం మీద వచ్చిన తీర్పు ఏ రోజైనా తిరగబడుతుందనీ, ఆ రోజు తొట్టి మళ్లీ నిండుతుందనీ కూడా తెలుసు.

"చేశాం," అన్నాడు. "దీనికన్నా మంచిది. మీ రెండో వాక్యం వల్ల దాన్ని పక్కనపెట్టి, దీన్ని పంపుతున్నాం."

ఆమె గ్లాసెత్తి కొంచెం నీళ్లు తాగింది.

"నా ముందుకు వచ్చిన సరుకు గురించే నేను తీర్పు చెప్పగలను. రాని సరుకు గురించి కాదు," అంది. తెర ఆపబోతూ, ఆ రెండో బట్ట ముక్క ఒకటి విడిగా తన పేరుకు పంపమంది. తీర్పుకు దానితో సంబంధం లేదని, ఆ వాక్యం రాసేవాళ్ల బల్ల మీద పెట్టి చూపించాలని ఉందని చెప్పింది.

గదిలోంచి బయటికి వచ్చాక సుదర్శనరావు, లోకనాథం ఎక్కేదాకా లిఫ్టు తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

తీర్పు ఎనిమిది రోజులకు వచ్చింది. ఒక్క పేరా. సరుకు ఏ స్థితిలో తీరానికి చేరుతుందో ఆ స్థితిలోనే దాన్ని చూడాలి, ఈ చొక్కాకు నీటి నిరోధం పైపూత వల్లనే కలుగుతున్నది, కనుక ఇది వానచొక్కా, సుంకం ఏడు. సోమయాజులు దాన్ని నిలబడి చదివాడు. చదివి లోకనాథం చేతికివ్వలేదు, యజమాని గదికీ పోలేదు. ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో ఎన్నడూ తొక్కని తొట్టి గది గడప తొక్కి, ముక్కుకు ఉత్తరీయం అడ్డం పెట్టుకుని, ఆ హోరులో వినబడదని తెలిసి కూడా కాగితం మొదట్నుంచీ చివరిదాకా ఆ ఆడవాళ్లకు చదివి వినిపించాడట.

*

జనవరిలో తొట్టి తోడించేశారు. మందును మూతలు బిగించిన పీపాల్లో కాల్చేచోటికి పంపారు. గది గోడలు చెక్కి, ఆ చెక్కును కూడా పీపాల్లోకే ఎత్తారు. ఆ చోట గంజి కాచే పెద్ద పెద్ద గుండిగలు వెలిశాయి. కంపెనీ అంతా పులుపువాసన. పక్కవాళ్లు ఫిర్యాదు చేశారు. తొట్టి పనికి అదనంగా ఇచ్చే బత్తా పోయింది కనుక ఆరుగురు ఆడవాళ్లు రోడ్డవతల మరో కంపెనీ తొట్టి దగ్గరికి వెళ్లిపోయారు. లోకనాథం రెండుసార్లు వాళ్లిళ్లకు వెళ్లాడు. మంచినీళ్లిచ్చి, మంచం వాల్చి కూర్చోబెట్టి, తిరిగి రామని చెప్పారు. రెండో వాక్యం మార్చమని రాసిన అర్జీకి ముప్పై నాలుగు పేజీలయ్యాయి. ప్రతి ఆదివారం ఇంకొంచెం రాస్తున్నాడు.

జులైలో రక్తపరీక్షల కాగితాలు వచ్చాయి. మిగిలిన పదహారుమందివీ ల్యాబు బల్ల మీద ఉన్నాయి. నూకరత్నం వచ్చి చెల్లెలి కాగితం అడిగింది. చిన్నమ్మలు లోపలికి రాలేదు, అద్దాల తలుపు అవతలే నిలబడింది.

"పద్దెనిమిది," అన్నాడు లోకనాథం.

"తొట్టి తోడించినప్పుడూ పద్దెనిమిదే గదండి."

"అప్పుడూ పద్దెనిమిదే. చిల్లర కాస్త తగ్గింది, అది లెక్కలోకి రాదు. నాలుగేళ్లకు సగమవుతుంది."

నూకరత్నం వేళ్లు మడిచి చూసుకుంది. "అంటే నా పిల్ల బళ్లో కూకున్నాక. ఆ తరవాత?"

"ఇంకో నాలుగేళ్లకు ఆ సగంలో సగం."

"సగంలో సగం. మళ్లీ అందులో సగం." ఆమె ఇంకో వేలు మడిచింది. "అయితే సున్నా అవదన్నమాట."

ఆయన కాగితాన్ని ఆమె చేతికిచ్చాడు. "అవదమ్మా."

"మరి పెరగదు గదండి?"

"పెరగదు."

ఆమె తలుపు వైపు తిరిగింది. అద్దం అవతల చిన్నమ్మలు కళ్లెగరేసి, ఎంత అన్నట్టు గడ్డం ఎత్తింది. నూకరత్నం అరచేతిని రొమ్ము ఎత్తున, నేలకు సమంగా పట్టి, పైకీ కిందికీ పోనివ్వకుండా ఒక్క గీతలా పక్కకు జరిపి చూపించింది. అద్దం అవతల చిన్నమ్మలు ముఖం విచ్చుకుంది.